ఎర్ర సిరా, ఎర్ర గీత

2024 అక్టోబరులో ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు మా మేనకోడలు ఫోన్ చేసింది. ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చి అప్పటికి రెండు నెలలు. ఆ వేళప్పుడు ఫోనంటే రూమ్మేటుతో పేచీయో, అద్దె గొడవో అనుకున్నాను.

"మామయ్యా, నేను రాసింది నేను రాయలేదంటున్నారు" అంది.

"ఎవరే అంటున్నది?"

"ఎవరూ కాదు. సాఫ్ట్‌వేరు."

సంగతేమిటంటే, విదేశీ విద్యార్థులు తీసుకోవలసిన రాత కోర్సులో నాలుగు పేజీల వ్యాసం ఇచ్చింది. కాలేజీ వాడే పరికరమేదో దాన్ని పరీక్షించి, సగానికి పైగా కృత్రిమ మేధ రాసినట్టుందని తేల్చింది. వచ్చి కలవమని ఇన్‌స్ట్రక్టరు నుంచి రెండు ముక్కల మెయిలు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్న పిల్ల. ఆ నాలుగు పేజీల కోసం పదకొండు రోజులు కూర్చుంది.

నాకు నా కథ గుర్తుకొచ్చింది. 2003లో, ఎమ్మెస్ మొదటి సెమిస్టరులో, ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద ఒక రిపోర్టు రాసిచ్చాను. ప్రొఫెసరు పిలిచి, అందులో ఒక పేరా పక్కన పెన్సిలుతో గీత గీసి, బల్ల మీదున్న పుస్తకం తెరిచి పక్కన పెట్టాడు. అక్షరం పొల్లు పోకుండా రెండూ ఒకటే. నాకు సిగ్గేమీ వెయ్యలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా అనిపించింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించగలగడం మా వైపు ఫస్టు క్లాసు లక్షణం. "ఓన్‌గా రాయకురా, మార్కులు పోతాయి" అని ఇంటర్‌లో మాకు హితబోధ. ఆయన పుస్తకం మూసేసి, "ఇందులో నువ్వెక్కడున్నావు?" అని మాత్రం అడిగాడు. రిపోర్టు మళ్ళీ రాయించాడు. ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను తప్పు చేశాను, నన్ను ఒక మనిషి చదివి పట్టుకున్నాడు. మా మేనకోడలు తప్పు చెయ్యలేదు, దాన్ని ఎవరూ చదవకుండానే పట్టుకున్నారు. ఈ రెండింటి మధ్య ఇరవై ఒక్క ఏళ్ళున్నాయి. కాలేజీల్లో రాత నేర్పే పద్ధతిని కంప్యూటర్లు ఎలా మార్చాయో తెలుసుకోవాలని ఆ తర్వాత కొన్ని నెలలు పాత వ్యాసాలూ పుస్తకాలూ వెతికి చదివాను. నేను రాత నేర్పేవాణ్ణి కాను. కంపెనీలకి సాఫ్ట్‌వేరు సలహాలిచ్చి బతికేవాణ్ణి. మనిషి చేసే పనిలో ఏ ముక్కని యంత్రానికి ఒప్పచెప్పొచ్చో చెప్పడమే నా ఉద్యోగం. అందుకే ఈ చరిత్ర నాకు పరాయిదిగా అనిపించలేదు. కొన్నిచోట్ల నా మీదే ఎవరో నేరం మోపుతున్నట్టు కూడా ఉంది.

*

ఇండియాలో ఉన్న పాఠకులకి ముందు ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఇంజనీరింగు చదివేవాడైనా, నర్సింగు చదివేవాడైనా, డిగ్రీ మొదటి ఏడాదిలో దాదాపు ప్రతి కాలేజీలోనూ 'కాంపొజిషన్' అనే కోర్సు తీసుకోవాలి. అందులో నేర్పేది సాహిత్యం కాదు, రాయడం. 1885 నాటికే హార్వర్డులో ఇది మొదటి ఏడాది తప్పనిసరి పాఠం. మన డిగ్రీ కాలేజీల్లో ఇలాంటిది నేను చూడలేదు. మనకి వ్యాసమంటే గైడులో ఉండేది, వ్యాసరచన అంటే ఆగస్టు పదిహేనుకి పెట్టే పోటీ. 'రఫ్' పుస్తకం, 'ఫెయిర్' పుస్తకం రెండూ ఉండేవి కాని, రఫ్‌లో ఉన్నది ఫెయిర్‌లోకి వెళ్ళేటప్పుడు చేతిరాత తప్ప మరేమీ మారేది కాదు.

అమెరికా వాళ్ళ పాత కాంపొజిషన్ క్లాసు ఏమంత స్వర్గమని కాదు. పంతులుగారు ఎర్ర సిరాతో స్పెల్లింగులు దిద్దడం, కామాలు పెట్టడం, కింద ఒక అక్షరం వెయ్యడం. చాలా కాలం అంతే. 1970 తర్వాత గాలి మారింది. 1971లో జానెట్ ఎమిగ్, పన్నెండో తరగతి పిల్లలు రాస్తున్నప్పుడు అసలేం చేస్తారో దగ్గర కూర్చుని చూసి పుస్తకం రాసింది. 1972లో డొనాల్డ్ మరే, రాతని వస్తువుగా కాక పనిగా నేర్పమన్నాడు. 1973లో పీటర్ ఎల్బో, పది నిమిషాలు కలం ఆపకుండా, దిద్దుకోకుండా రాసి చూడమన్నాడు. 1980లో నాన్సీ సామర్స్ చేసిన పరిశీలన వీటన్నిటికంటె నన్ను ఎక్కువ పట్టుకుంది. తిరగరాయడమంటే విద్యార్థులు మాట మార్చడం అనుకుంటున్నారు. చెయ్యి తిరిగిన రచయితలు వాదం మారుస్తున్నారు. వీళ్ళు 'పెద్ద' తీసి 'బృహత్తరమైన' పెడతారు. వాళ్ళు మూడో పేజీ తీసుకొచ్చి మొదటి పేజీలో పెట్టి, మొదటి పేజీని చింపేస్తారు.

సరిగ్గా ఈ సమయంలోనే వర్డ్ ప్రాసెసర్లు వచ్చాయి. 1978లో వర్డ్‌స్టార్, 1983లో మైక్రోసాఫ్ట్ వర్డ్, 1984లో మెకింటాష్. తిరగరాయడం నేర్పాలని తపిస్తున్న ఉపాధ్యాయులకి తిరగరాసే యంత్రం దొరికింది. టైపు మిషను మీద ఒక పేరా జరపాలంటే పేజీలన్నీ మళ్ళీ కొట్టాలి. ఇందులో రెండు మీటలు చాలు. ఇక పిల్లలు ఎగబడి తిరగరాస్తారనుకున్నారు.

పిల్లలు అలా చెయ్యలేదు. కొందరు ఎక్కువ మార్పులే చేశారు కాని, చాలావరకు మాటల దగ్గరే ఆగిపోయారు. 1989లో క్రిస్టినా హాస్ ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, కాగితం మీద రాసేవాళ్ళకంటె వర్డ్ ప్రాసెసర్ మీద రాసేవాళ్ళు ముందుగా ఆలోచించుకోవడం తగ్గింది. ఆలోచించుకున్నా అది తర్వాతి వాక్యం గురించే. మొత్తం వ్యాసం గురించి కాదు. దీనికి కారణం వెతకడం కష్టం కాదు. అప్పటి తెర మీద కనిపించేది ఇరవై నాలుగు వరసలు. పది పేజీల వ్యాసాన్ని కిటికీ సందులోంచి చూస్తూ రాసినట్టుంటుంది. కాగితమైతే నేల మీద పరుచుకోవచ్చు, బాణాలు గీయొచ్చు, కొట్టేసింది కూడా కంటికి కనిపిస్తుంది. తెర మీద కొట్టేసింది మాయమైపోతుంది. చక్కగా అచ్చేసినట్టున్న అక్షరాల్ని చూస్తే రచన పూర్తయిందనే భ్రమ ఒకటి. రఫ్ పుట్టగానే ఫెయిర్ వేషం వేసుకుని కూర్చుంటే దాన్నిక ముట్టుకోబుద్ధి కాదు.

*

ఆ రోజుల్లో జరిగిన ఒక తగువు గురించి చెప్పకుండా ఉండలేను. 1990 జనవరిలో డెలవేర్ విశ్వవిద్యాలయంలో రాత నేర్పే మార్షా హేలియో ఒక వ్యాసం ప్రచురించింది. మెకింటాష్ మీద రాసే విద్యార్థులు, ఐబీఎం మీద రాసేవాళ్ళకంటె తేలిక విషయాలు ఎంచుకుని, చిన్న వాక్యాలతో పేలవంగా రాస్తున్నారని ఆవిడ వాదన. బొమ్మలూ, ఎలుకా, రకరకాల అక్షరాలూ పిల్లల్ని బొమ్మలాటకి దింపాయన్నమాట. రాత పండితులు ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. ఏ కంప్యూటరు తీసుకోవాలో విద్యార్థులే ఎంచుకున్నారు కదా, ఇది పరిశోధన ఎలా అవుతుందని అడిగారు.

నా అభ్యంతరం వేరు. వాక్యాల స్థాయిని కొలవడానికి అక్కడ వాడిన కొలబద్దల్లో కిన్‌కెయిడ్ సూత్రం ఒకటి. వాక్యానికి ఎన్ని మాటలు, మాటకి ఎన్ని అచ్చులు పలుకుతాయి అనే రెండు లెక్కల్ని కలిపి, చదవడానికి ఎన్నో తరగతి చదువు కావాలో చెప్పే సూత్రం అది. 1975లో అమెరికా నేవీ కోసం తయారు చేశారు. నావికుడు యంత్రం మాన్యువల్ చదివి అర్థం చేసుకోగలడా లేదా అని చూడడానికి. అందులో అంకె ఎంత తక్కువైతే రాత అంత మంచిదన్నట్టు. అదే అంకె కాలేజీ వ్యాసంలో తక్కువైతే రాత అంత చెడ్డదన్నారు! గజంబద్ద తీసుకుని పాలు కొలిచినట్టయింది. ఇరుపక్షాలూ కంప్యూటరు ఏది అని కొట్టుకున్నారు కాని, కొలత ఏది అన్న ప్రశ్న మరుగున పడింది. ఆ పొరపాటు ముప్ఫై అయిదేళ్ళ తర్వాత మా మేనకోడలి ఫోనుగా నా దగ్గరికి వచ్చింది.

కొలిచే యంత్రాల వంశం నిజానికి ఇంకా పాతది. 1966లో, ఎల్లిస్ పేజ్ అనే ఆయన వ్యాసాల్ని కంప్యూటరు చేత దిద్దించవచ్చని ప్రకటించాడు. ఆయన గతంలో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాడు. శని ఆదివారాలు కాగితాల కట్టల్లో కూరుకుపోయే పంతుళ్ళ బాధ ఆయనకి తెలుసు. పంచ్ కార్డుల మీదకి ఎక్కించిన వ్యాసాల్లో పొడవెంత, కామాలెన్ని, మాట సగటు పొడవెంత వంటివి లెక్కపెట్టి, మనుషులు వేసిన మార్కులతో పొంతన చూశాడు. ఒక పరీక్షకుడికీ మరో పరీక్షకుడికీ ఎంత పొత్తు కుదురుతుందో, యంత్రానికీ పరీక్షకులకీ ఇంచుమించు అంతే కుదిరింది. ప్రోగ్రామరుగా నాకది ముచ్చటేస్తుంది. పైగా పేజ్ మోసగాడు కాడు. రచనలో ఉన్న అసలు గుణం వేరు, దానికి బదులుగా మనం లెక్కపెట్టే గుర్తు వేరు అని తనే రెండు పేర్లు పెట్టి విడదీశాడు. నిప్పు వేరు, పొగ వేరు అన్నట్టు. తర్వాతివాళ్ళు పొగని మాత్రం తీసుకుని, నిప్పు సంగతి వదిలేశారు.

బెల్ ల్యాబ్స్‌లో లొరిండా చెరీ మొదలైనవాళ్ళు తయారుచేసిన 'రైటర్స్ వర్క్‌బెంచ్' ఇంకో మెట్టు. యూనిక్స్‌లో 'స్టైల్', 'డిక్షన్' అని రెండు ఆదేశాలు. వాక్యాల పొడవులు లెక్కపెట్టి, అరిగిపోయిన పదబంధాలు ఎత్తి చూపేవి. 1980ల మొదట్లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో కాథ్లీన్ కీఫర్, ఛార్లెస్ స్మిత్ దాన్ని కాంపొజిషన్ క్లాసులోకి తెచ్చారు. ఇప్పటికీ లినక్స్‌లో ఆ పేర్లతో ప్రోగ్రాములు దొరుకుతాయి. నేను ఒక క్లయింటుకి రాసిన డిజైను పత్రాన్ని అందులో పెట్టి చూశాను. కర్మణి వాక్యాలు ఎక్కువయ్యాయంది. నిజమే. 'నిర్ణయం తీసుకోబడింది' అని రాస్తే ఎవరు తీసుకున్నారో చెప్పక్కర్లేదు కదా. కర్మణి వాక్యం ఉందని యంత్రం పట్టుకుంది. దాని వెనక నేను దాక్కున్నానని పట్టుకోవడానికి మనిషి కావాలి.

1999లో జీమ్యాట్ పరీక్షలో వ్యాసం దిద్దే ఇద్దరు మనుషుల్లో ఒకరి బదులు ఈ-రేటర్ అనే ప్రోగ్రాము కూర్చుంది. తర్వాత జీఆర్ఈలోకీ వచ్చింది. ఇక్కడ మనవాళ్ళ ప్రవేశం. 2002 అక్టోబరు నుంచి జీఆర్ఈలో వ్యాసం తప్పనిసరి అయ్యాక, హైదరాబాదు కోచింగ్ సెంటర్లలో వ్యాసానికి అచ్చు దొరికేది. అయిదు పేరాలు. ప్రతి పేరా మొదట్లో 'మోర్‌ఓవర్', 'నెవర్దిలెస్'. నడిమధ్యలో ఎడిసన్‌దో గాంధీదో ఒక ఉదాహరణ, ప్రశ్న ఏదైనా సరే. యంత్రం దిద్దుతుందని తెలియకముందే యంత్రం కోసం రాయడం మనం నేర్చేసుకున్నాం. ఎందుకంటే మనకి అంతకుముందు దిద్దినవాళ్ళు కూడా అలాగే దిద్దారు. పేపరుకి రెండు నిమిషాలు, హెడ్డింగు కింద గీత ఉందా లేదా, అడిషనల్ షీట్లు ఎన్ని!

2014లో ఎం.ఐ.టి.లో రాత కోర్సులు నడిపిన లెస్ పెరెల్మన్, కొందరు విద్యార్థులతో కలిసి ఒక ప్రోగ్రాము తయారుచేశాడు. మూడు మాటలిస్తే చాలు, తలా తోకా లేని వ్యాసం వండి ఇస్తుంది. వ్యాకరణం సలక్షణం, మాటలు గంభీరం, అర్థం శూన్యం. అలాంటి వ్యాసాలకి దిద్దే యంత్రాలు పై మార్కులు వేశాయి. రాసింది యంత్రం, దిద్దింది యంత్రం, మధ్యలో మనిషి లేడు. అప్పుడది జోకు. ఎనిమిదేళ్ళ తర్వాత అది జోకు కాకుండా పోయింది.

*

ఇంతవరకు చదివి నేను కంప్యూటర్లని తిడుతున్నానని మీరనుకుంటే నా వాదం సగమే చెప్పినట్టు. ఇదే చరిత్రలో రెండో పాయ ఒకటుంది. దాని గురించి తక్కువమంది మాట్లాడతారు.

1979లో హ్యూ బర్న్స్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో తన సిద్ధాంత గ్రంథం కోసం ఒక ప్రోగ్రాము రాశాడు. అరిస్టాటిల్ చెప్పిన వాదనా స్థానాల్ని ప్రశ్నలుగా మార్చి, విద్యార్థిని అడుగుతుందది. నీ విషయానికి వ్యతిరేకమైనదేమిటి? దేనివల్ల వచ్చింది? ఎవరికి నష్టం? విద్యార్థి ఏం జవాబు చెప్పాడో ఆ ప్రోగ్రాముకి బొత్తిగా అర్థం కాదు. అడగడం ఒకటే దాని పని. కాని ఆ ప్రశ్నలకి జవాబులు టైపు చేస్తూ చేస్తూ విద్యార్థి తనకి తెలిసినదేమిటో తెలుసుకుంటాడు. ఇప్పటి యంత్రాలకి తెలివి చాలా ఎక్కువ, అవి జవాబులిస్తాయి. తెలివిలేని ఆ యంత్రమే గురువుకి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

1985లో వాషింగ్టన్‌లోని గ్యాలొడెట్ విశ్వవిద్యాలయంలో ట్రెంట్ బాట్సన్ మరో పని చేశాడు. అది బధిర విద్యార్థుల విశ్వవిద్యాలయం. వాళ్ళలో చాలామందికి సంజ్ఞల భాష సొంత భాష. ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించే భాష, ఎవరితోనూ మాట్లాడని భాష. బాట్సన్ తరగతిలోని కంప్యూటర్లని ఒకదానికొకటి కలిపి, క్లాసంతా ఇంగ్లీషులో టైపు చేసుకుంటూ మాట్లాడుకునేలా చేశాడు. మొదటిసారి వాళ్ళకి ఇంగ్లీషు రాత అంటే మార్కుల కోసం అప్పగించే కాగితం కాక, ఎదుటివాడికి చెప్పే మాట అయింది. అవతల మనిషి వెంటనే "అంటే ఏమిటి?" అంటాడు. ఇవతల మనిషి మళ్ళీ రాస్తాడు. తిరగరాయడం అంటే ఇదే కదా! ఆస్టిన్‌లో కొందరు ఈ దారినే వెళ్ళి 'డేడలస్' అనే సాఫ్ట్‌వేరు తెచ్చారు. అందులో క్లాసులో నోరు విప్పని పిల్లలకి కూడా మాట దొరికింది. మాట దొరికాక కొన్ని క్లాసులు సంతలా కూడా తయారయ్యాయనుకోండి.

1994లో సింథియా సెల్ఫ్, రిచర్డ్ సెల్ఫ్ అనే ఇద్దరు రాసిన వ్యాసం చదువుతుంటే నాకు నవ్వూ బాధా రెండూ వచ్చాయి. కంప్యూటరు తెర అమాయకమైనది కాదంటారు వాళ్ళు. బల్ల, ఫైలు, ఫోల్డరు అన్నీ ఆఫీసు గుమాస్తా లోకపు బొమ్మలే. వంటింటి బొమ్మలో, వడ్రంగి కొట్టు బొమ్మలో ఎందుకు కాకూడదు? భాష కూడా చెప్పకుండానే ఇంగ్లీషు. అమెరికా వచ్చిన కొత్తలో నేను వర్డ్‌లో నా పేరు టైపు చేస్తే కింద ఎర్ర గీత పడింది. మా ఊరి పేరుకీ పడింది, మా నాన్నగారి పేరుకీ పడింది. 1995 నుంచి ఉన్న సదుపాయమది, టైపు చేస్తుండగానే తప్పు చూపించడం. నిఘంటువులో చేర్చు అని నొక్కి నా పేరుని నేనే ఒప్పుగా చేసుకున్నాను. ఎర్ర సిరా పెన్ను పట్టుకున్న పంతులుగారైతే కనీసం "ఇదెలా పలుకుతారు?" అని అడిగి ఉండేవాడు.

తెలుగు విషయంలో ఈ కథ వేరే మలుపు తిరిగింది. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే మన లిపికి చోటు దొరికినా, మామూలు మనిషి చేతికి తెలుగు టైపింగు రావడానికి పదేళ్ళు దాటింది. అప్పటిదాకా అమెరికాలో మనవాళ్ళు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. 2006లో లేఖిని వచ్చాక నాలాంటివాళ్ళం పదో తరగతి తర్వాత మొదటిసారి తెలుగులో నాలుగు పేజీలు రాశాం. రాయడానికి కంప్యూటరు వచ్చింది, రాత నేర్పే కాలేజీ రాలేదు. నా మొదటి కథని ఒక పత్రిక సంపాదకుడు మూడుసార్లు తిప్పి పంపాడు. ప్రతిసారీ మార్జినులో ప్రశ్నలే. "ఈవిడ ఇంతసేపూ వంటింట్లో ఏం చేస్తోంది?" అని ఒకటి ఇప్పటికీ గుర్తు. మూడోసారికి కథ సగమైంది. నేను తెలుగులో చదివిన ఏకైక కాంపొజిషన్ కోర్సు అదే. అది ఈ-మెయిల్లో జరిగింది, కంప్యూటరు లేకపోతే జరిగేది కాదు. కాని నేర్పింది కంప్యూటరు కాదు.

*

ఇప్పుడు మా మేనకోడలి దగ్గరికి వద్దాం.

1990ల చివర వచ్చిన టర్నిటిన్ లాంటి వ్యవస్థలు విద్యార్థి కాగితాన్ని తమ దగ్గరున్న లక్షల కాగితాలతో పోల్చి కాపీని పట్టేవి. తమ వ్యాసాల్ని అది దాచిపెట్టుకుంటోందని వర్జీనియా, అరిజోనాలకి చెందిన కొందరు హైస్కూలు పిల్లలు కోర్టుకెక్కితే, 2009లో అప్పీలు కోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. అయినా అందులో ఒక నిజాయితీ ఉండేది. ఇదిగో నీ వాక్యం, ఇదిగో మూలం అని పక్కపక్కన చూపించేది, మా ప్రొఫెసరు పుస్తకం తెరిచి పెట్టినట్టు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఆ పద్ధతి చెల్లలేదు. అది కొత్త వాక్యాలు రాస్తుంది, పోల్చడానికి మూలం ఉండదు. అప్పుడు పుట్టుకొచ్చిన పరిశోధక యంత్రాల్లో చాలావాటి కీలకం ఇది. ఒక మాట తర్వాత వచ్చే మాటని ఎంత సులువుగా ఊహించవచ్చో లెక్క కడతాయి. సులువుగా ఊహించగలిగితే యంత్రం రాసిందని అనుమానం. ఇక పరాయి భాషలో రాసేవాళ్ళ సంగతి ఆలోచించండి. తెలిసిన మాటలు తక్కువ. తప్పు పోకూడదన్న భయంతో అందరూ నడిచిన దారినే నడుస్తారు. వాళ్ళ వాక్యం ఊహకి అందకుండా ఎలా ఉంటుంది? 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలకి టోఫెల్ వ్యాసాలు 91 ఇచ్చి చూశారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతాన్ని యంత్రం రాసిందనే ముద్ర వేశాయవి. అమెరికా పిల్లల వ్యాసాల్ని మాత్రం దాదాపు ఎప్పుడూ సరిగ్గానే గుర్తించాయి. అదే ఏడాది జులైలో ఓపెన్‌ఏఐ తన సొంత పరికరాన్ని నమ్మకం చాలదని ఉపసంహరించుకుంది. ఆగస్టులో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం టర్నిటిన్‌లోని ఈ సదుపాయాన్ని ఆపేసింది. ఆపనివి ఇంకా ఉన్నాయి.

ఎందుకు ఆపరో కూడా తెలుసు. ఒక లెక్క చూడండి. క్లాసుకి ఇరవై మంది కంటె ఎక్కువ ఉండకూడదని ఇంగ్లీషు ఉపాధ్యాయుల సంఘాలే ఎప్పుడో చెప్పాయి. ఇరవై మందే అనుకుందాం. ఒక్కో వ్యాసానికి ఇరవై నిమిషాలు. నాలుగు క్లాసులు చెప్పే ఉపాధ్యాయురాలికి, ఒక్క వ్యాసం చదవడానికి దగ్గర దగ్గర ఇరవై ఏడు గంటలు. సెమిస్టరుకి అలాంటివి నాలుగయిదు, ఒక్కోదానికి రెండేసి ప్రతులు. ఈ క్లాసులు చాలావరకు చెప్పేది పర్మనెంటు ప్రొఫెసర్లు కాదు, సెమిస్టరు లెక్కన జీతం తీసుకునే అడ్‌జంక్టులు, పరిశోధక విద్యార్థులు. వాళ్ళకి సమయం కొనిపెట్టడం ఖర్చు, సాఫ్ట్‌వేరు కొనిపెట్టడం చవక. నేను క్లయింట్ల ముందు ఇలాంటి లెక్కలు చాలాసార్లు వేసి చూపించాను. అందుకే సిగ్గుతోనే చెబుతున్నాను. ఆ లెక్కలో 'చదవడం' అనే గడి ఉండదు. 'దిద్దడం' అనే గడే ఉంటుంది.

నా విమర్శ సారాంశం అదే. అరవై ఏళ్ళుగా యంత్రం గురువుగారి పనిలో అతి తేలికైన ముక్కని, అంటే తప్పు గుర్తించి గీత గీయడాన్ని నేర్చుకుంటూ వచ్చింది. అదే మొత్తం పని అని మనం ఒప్పేసుకున్నాం. ఎర్ర సిరా ఎర్ర గీత అయింది, ఎర్ర గీత శాతం అయింది. బర్న్స్, బాట్సన్ లాంటివాళ్ళు యంత్రాన్ని పాఠకుడి స్థానంలో కాక, పాఠకుడి దగ్గరికి తీసుకెళ్ళే బండిగా వాడారు. అక్కడే రాత మారింది. నాకు తెలిసినంతలో ఇందులో మినహాయింపు లేదు. అలాగని చాట్‌జీపీటీని చూడగానే తలుపులు వేసుకుని, పిల్లలందరిచేతా నీలం అట్ట పుస్తకాల్లో గంటలో చేత్తో రాయించడం మందు కాదు. అది దొంగని ఆపుతుందేమో. తిరగరాయడాన్ని కూడా ఆపుతుంది. రఫ్ లేని ఫెయిర్, మళ్ళీ మన ఇంటర్ పరీక్షే.

ఆ రాత్రి నేను మా మేనకోడల్ని ఒకటే అడిగాను. "ఎందులో రాశావే?" గూగుల్ డాక్స్‌లో రాసింది. పదకొండు రోజుల మార్పులూ తేదీలతో, నిమిషాలతో అందులో భద్రంగా ఉన్నాయి. తెర మీద కొట్టేసింది మాయమవుతుందని పైన అన్నాను కదా, అది తప్పని ఇక్కడ ఒప్పుకోవాలి. యంత్రం దాచిపెట్టింది. వెళ్ళి ఇన్‌స్ట్రక్టరుకి చూపించింది. ఆవిడ ఆ మార్పుల్ని వెనక్కి ముందుకీ తిప్పుతూ, "ఈ పేరా మూడో రోజున పైకెందుకు జరిపావు?" అని అడిగిందట. ఇది చెప్పిందట. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారట. చివర్లో ఆవిడ క్షమాపణ చెప్పి, మార్కులు వేసి, ఈ సెమిస్టరులో నువ్వు రాసింది మొదటిసారి పూర్తిగా చదివానని కూడా చెప్పిందట. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడకి ఆ కాలేజీలో మూడు క్లాసులు, ఇంకో కాలేజీలో రెండు.

కథ ఇక్కడితో సుఖాంతమని మా అక్కకి కూడా చెప్పేశాను. కాని సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు, వ్యాసాలు ఎలా రాస్తున్నావే అంటే పిల్ల నవ్వింది.

"బాగానే రాస్తున్నా మామయ్యా. ఒకటి రెండు తప్పులు మాత్రం తెలిసే వదిలేస్తున్నా. మనిషి రాసినట్టుండాలి కదా."

నాకు నవ్వు రాలేదు. నూట నలభై ఏళ్ళ పాటు ఎర్ర సిరా పోసి, ముప్ఫై ఏళ్ళ పాటు ఎర్ర గీతలు గీసి, తప్పు లేకుండా రాయడమే రాయడమని పిల్లలకి నూరిపోశాం. ఇప్పుడొక పిల్ల తను మనిషినని రుజువు చేసుకోవడానికి తప్పు వెతుక్కుని మరీ పెడుతోంది. ఆ తప్పు కూడా దాని సొంతం కాదు, యంత్రం కోసం పెట్టింది. "ఇందులో నువ్వెక్కడున్నావు?" అని అడిగితే ఇప్పుడేం చెబుతుంది?

"తప్పులు దిద్దేసి, తర్వాతి వ్యాసం ముందు నాకు పంపు. నేను చదువుతాను" అన్నాను.

"నీకు టైముంటుందా మామయ్యా?"

ఉంటుందన్నాను. నిన్న పంపింది. ఏడు పేజీలు. ఈ వ్యాసం ముగించి అది చదవాలి.